పెద్ద బొట్టు డిస్కు

వసంతకు తన చేతిపని మీద ఉన్న నమ్మకం చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఒకే యజమాని నడిపే మూడు స్కానింగ్ సెంటర్లు ఉన్నాయి. మూడింటి కంప్యూటర్లనూ చూసుకునేది ఆమె ఒక్కతే. తీసిన ఎక్స్-రేలూ స్కానింగులూ వచ్చి పడే సర్వర్లు ఒక్కో ఊళ్ళో ఒక్కొక్కటి, మూడూ లినక్స్ మీద నడుస్తాయి. పాత డిస్కులు నిండిపోతున్నాయని బతుకమ్మ మొదలవకముందే మూడు ఊళ్ళూ తిరిగి ఒక్కో సర్వర్లో ఒక్కో కొత్త డిస్కు పెట్టి వచ్చింది. పెట్టడం వరకే చేత్తో. ఆ తర్వాత ఊరూరా కూర్చుని అదే పని మళ్ళీ మళ్ళీ టైపు చేసే ఓపిక ఆమెకు లేదు, ఉండనక్కర్లేదని ఆమె అభిప్రాయం. అన్సిబుల్ అని ఒక పనిముట్టు ఉంది. ఏ యంత్రం మీద ఏం జరగాలో ఒక్కసారి రాసిస్తే, తనే అన్ని చోట్లకూ వెళ్ళి ఒకే తీరుగా చేసి వస్తుంది. వసంత రాసింది ఇంతే: మూడో అరలో ఉన్న డిస్కు తీసుకో, దాని మీద కొత్త వాల్యూమ్, అంటే నిల్వ చోటు, కట్టు, బొమ్మలు దాచుకోవడానికి సిద్ధం చెయ్యి.

పండుగలు వచ్చి పడడంతో ఆ రాత నడిపించడం దీపావళి దాటేదాకా కుదరలేదు. మొదట సిరిసిల్లలో నడిపింది. చెప్పినట్టు విన్నది. తర్వాత జగిత్యాలలో నడిపితే మొండికేసింది. ఈ డిస్కు మీద ఇదివరకే ఏదో ఉంది, నేను ముట్టుకోను అంది. వసంత తెరిచి చూస్తే ఏదో హోటల్ సీసీ కెమెరా రికార్డులు. ఎవరో మనుషులు ఇడ్లీలు తింటున్నారు, చేతులు కడుక్కుంటున్నారు, మళ్ళీ తింటున్నారు. వాడిన డిస్కును కొత్తదని అంటగట్టిన దుకాణంవాడి కడుపు చల్లగుండ అనుకుని, తన రాతలో 'ఫోర్స్' అనే మాట చేర్చింది. ఏమున్నా సరే, చెరిపి కట్టు అని దానర్థం. ఇడ్లీలు తిన్నవాళ్ళందరూ ఒక్క దెబ్బకు మాయమయ్యారు. పని ముగిసింది.

ఇక కోరుట్ల మిగిలింది. ఆ ఉదయం జగిత్యాలలో చాయ్ తాగుతూ దాని సంగతి చూద్దామనుకుంటుండగానే శోభ ఫోన్ చేసింది. కోరుట్ల సెంటర్లో ఎక్స్-రేలు తీసేది శోభే. పనీ గట్టిది, నోరూ గట్టిది.

"మేడం, పాత ఫొటోలు తెరుస్తలేదు మీ సర్వర్. నిన్నటియి అస్తున్నయి, మొన్నటియి అస్తున్నయి. దసరాకు ముంగటియి ఒక్కటన్న అస్తలేదు. గీడ సుశీలక్క అచ్చి కూసున్నది. ఆమె పెనిమిటి ఎక్స్-రే కావాలె. ఎన్నడో చెట్టు మీదికెల్లి పడ్డప్పుడు తీసింది."

సుశీల పేరు వినగానే వసంత గ్లాసు కింద పెట్టేసింది. ఆమెను ఎప్పుడూ చూడలేదు గానీ ఆమె ఎవరో తెలుసు. ఎల్లారెడ్డిపేట బాలవ్వ చెప్పింది.

మస్కట్‌లో కూలీలుండే గదికి నిప్పంటుకున్నప్పుడు లోపల ఇద్దరు పడుకుని ఉన్నారు. ఒకడు కోరుట్ల పక్క పల్లె దేవేందర్, సుశీల భర్త. ఇంకొకడు బాలవ్వ కొడుకు గణేశ్. ఇద్దరిలో ఒకరు పోయారు, ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. ఉన్నదెవరో, పోయిందెవరో చెప్పడానికి ముఖాలు మిగల్లేదు. కార్డులు కాలిపోయాయి. బతికున్న మనిషి గొంతులో గొట్టం ఉంది, మాట లేదు. రక్తపరీక్షలకు పంపారు గానీ అవి వారాల మీద పని. ఈలోపు ఆపరేషన్‌కు ఇంటివాళ్ళ ఒప్పుదల కావాలి, ఏ ఇంటివాళ్ళో తెలియదు. ఆ మనిషికి ఎడమ భుజం ముందరి ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందని అక్కడి డాక్టర్లు కనిపెట్టారు. అదే ఆధారం అనుకుంటే, మావాడికీ ఎడమవైపే విరిగిందని రెండు ఇళ్ళవాళ్ళూ అన్నారు. రెండిళ్ళ మాటా నిజమే.

గణేశ్‌కు చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి విరిగింది. ఊళ్ళో కట్టు కట్టేవాడు వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎక్స్-రే ఎన్నడూ తీయలేదు. ఆ సంగతి తెలిసి కూడా బాలవ్వ సిరిసిల్ల సెంటర్‌కు వచ్చి, ఎందుకైనా మంచిది ఒకసారి చూడు బిడ్డా అని అడిగింది. ఆరోజు అక్కడే ఉన్న వసంత ఉన్న బొమ్మలన్నీ వెతికి, లేదని చెప్పాల్సి వచ్చింది. బాలవ్వ పోతూ పోతూ గడప దగ్గర ఆగింది.

"బతికినోడు నా కొడుకే కావాల్నని మొక్కుత బిడ్డా. మొక్కినంక గా సుశీల యాదికత్తది. మల్ల ఏమని మొక్కాల్నో తెలుస్తలేదు" అంది.

అంటే ఇద్దరిలో ఎవరు బతికున్నారో చెప్పగలిగింది లోకం మొత్తంలో ఒక్క దేవేందర్ ఎక్స్-రేనే. దాని ఫిల్ము ఏమైందో శోభ ఫోన్‌లోనే చెప్పింది. మొన్న దీపావళి మర్నాడు సూర్యగ్రహణం పట్టింది కదా. గోడకు వేలాడుతున్న ఆ ఫిల్మును దేవేందర్ బిడ్డ కల్పన కత్తెరతో ముక్కలు చేసి వాడకట్టు పిల్లలందరికీ పంచింది. తండ్రి భుజంలోంచి పిల్లలంతా సూర్యుణ్ణి చూశారు. నిప్పంటుకున్నది ఆ తర్వాత. ఇప్పుడు ఆ పిల్ల అన్నం ముట్టడం లేదట.

"అక్కకు చాయ్ పోయించు. నేను గీడికెల్లే నడిపిస్త. కొత్త డిస్కు పని సగంల ఉన్నది, అందుకే పాతది గూడ జతవడ్తలేదు. మొత్తం నడిస్తే రెండూ దేని కాడ అది కూసుంటయి" అంది వసంత.

గొంతులో అనుమానం ఇసుమంతైనా లేదు. జగిత్యాల నుంచే కోరుట్ల సర్వర్‌కు తగులుకుని తన రాతను నడిపింది. అది మూడో డిస్కు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ డిస్కు మీద ఇదివరకే ఏదో ఉంది, నేను ముట్టుకోను.

వసంత నవ్వుకుంది. అదే దుకాణం, అదే సరుకు. జగిత్యాలకు ఇడ్లీల హోటల్ వస్తే కోరుట్లకు ఏ బట్టల దుకాణమో వచ్చి ఉంటుంది. తెరిచి చూడాలని కూడా అనిపించలేదు. అక్కడ ఒక మనిషి ఎదురుచూస్తుంటే దుకాణంవాడి చెత్త చూస్తూ కూర్చోవడానికి తీరికెక్కడిది? 'ఫోర్స్' అని చేర్చింది. ఎంటర్ మీద వేలు పెట్టి, ఫోన్‌లో శోభను పిలిచింది.

"శోభా, సర్వర్ ముంగట నిలవడు. మూడో అరల పచ్చలైటు టకటక కొట్టుకుంటది. కొట్టుకుంటే నాకు చెప్పు."

"మూడో అరంటే పెద్ద బొట్టుదేనా మేడం?"

"ఏం బొట్టు?"

"దసరాకు వెట్టిన బొట్టు. ఆయుధపూజ చేసినం గద. ఎక్స్-రే మిషన్‌కు చేసినం, సర్వర్‌కు చెయ్యకపోతే మంచిగుంటదా? మీరు చెప్పినట్టే ముందుగాల ఆఫ్ చేసిన. డిస్కులు మూడూ గుంజి, తుడిచి, పీట మీద వెట్టి బొట్లు వెట్టిన. పాతది మనకు ఇన్నేండ్లు చాకిరి చేసింది, దానికి పెద్ద కుంకుమ బొట్టు వెట్టిన. కొత్తది ఇంకా ఏం కష్టం చేసింది? దానికి ఉత్త పసుపు."

"మల్ల ఎట్ల వెట్టినవు లోపట?" అంది వసంత.

"ఒకటోదానికి మీరు చీటీ అంటించిన్రు, అది దాని కాడ్నే వెట్టిన. కడమ రెండు ఒక్క తీర్గనే ఉంటయి గద మేడం. చేతికందింది అందినట్టు వెట్టిన. మూడోదాంట్ల ఇప్పుడు పెద్ద బొట్టుదే ఉన్నది."

వేడి పెనం తగిలినట్టు వసంత చేయి వెనక్కి లాక్కుంది. ఎంటర్ నొక్కి ఉంటే చెరిగిపోయేది ఏ దుకాణం రికార్డులో కాదు. కోరుట్ల చుట్టుపక్కల ఇన్నేళ్ళుగా విరిగిన ఎముకలన్నీ, వాటిలో దేవేందర్ భుజం. పనిముట్టు అడ్డం పడి, ముట్టుకోను అని నిజమే చెప్పింది. దాని మాట తీసి పక్కన పెట్టింది తనే. ఆమె కళ్ళు మూసుకుని 'ఫోర్స్' అన్న మాటను ఒక్కో అక్షరంగా చెరిపేసింది.

"శోభా, దేన్నీ ముట్టకు. ఎవ్వల్నీ ముట్టనియ్యకు. నేనే అస్తున్న."

పాత బొమ్మలు ఎందుకు తెరుచుకోవడం లేదో స్కూటీ ఎక్కేలోపే ఆమెకు అర్థమైంది. రెండో అరలోని డిస్కులో పాత బొమ్మలు ఉంటాయని సర్వర్‌కు చెప్పి పెట్టింది తనే. దసరా తర్వాత ఆ అరలో ఖాళీ డిస్కు కూర్చుంది. సర్వర్ అక్కడ వెతికి, ఏమీ దొరక్క, కొత్తగా తీసిన ఎక్స్-రేలను మొదటి డిస్కు మీదే ఒక మూల పెట్టుకుంటూ వచ్చింది. పాతవి అడిగే మనిషి రాలేదు కనుక ఎవరికీ తెలియలేదు.

మేడిపల్లి దాటాక రోడ్డు మీద సగం వరకూ వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో బండ్లను తప్పించుకుంటూ, శోభను తిట్టడానికి కావలసిన మాటలన్నీ వరసగా సిద్ధం చేసుకుంది వసంత. కోరుట్ల దగ్గర పడే కొద్దీ అవన్నీ తనకే అచ్చంగా సరిపోతున్నాయి. లినక్స్ డిస్కులను తనకు కనబడిన వరసలో ఒకటోది, రెండోది, మూడోది అని పిలుస్తుంది. ఆ వరస ఎప్పుడైనా మారవచ్చు. డిస్కు తయారైనప్పుడే దాని మీద వేసిన నంబరు మాత్రం అది ఏ అరలో కూర్చున్నా మారదు. తను ఆ నంబరు రాయాల్సింది. బద్ధకించి వరస రాసింది.

పోనీ, తెలియక చేసిందా అంటే అదీ కాదు. పెగడపల్లిలో వాళ్ళ నాయన రాజలింగం కల్లు గీస్తాడు. తాటివనంలో చెట్లను ఆయన ఏనాడూ ఒకటోది, రెండోది అనలేదు. గాలికి ఒకటి కూలితే వరస మొత్తం మారిపోతుంది కదా. వంకర తాడు, పాముల తాడు, లసుమవ్వ తాడు అని దేని పేరు దానికే ఉండేది; తాడంటే వాళ్ళ నోట తాటిచెట్టే. ఆ పేర్లు వింటూ పెరిగిన పిల్ల తను. ఇంత చదివి, మూడో అర అని రాసింది. తలుచుకుంటే ఒళ్ళు మండింది.

సెంటర్‌లో సుశీల గోడవారగా బెంచీ మీద కూర్చుని ఉంది. ముందరి చాయ్ చల్లారిపోయింది. వసంతను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"చెల్లె, ఉన్నదా లేదా, గది ఒక్కటి చెప్పు. లేకుంటే లేదని చెప్పు, పోత."

"ఉన్నదక్కా. నాతోని తప్పయింది, పోయేదే. పోలే. తీసి నీ చేతిల వెడ్త" అంది వసంత. ఆ మాట అన్నాక, జగిత్యాలలో పోయిన ధైర్యం మళ్ళీ తన చేతుల్లోకి వచ్చినట్టనిపించింది.

సర్వర్ తలుపు తెరిచి చూస్తే, మూడో అరలోని డిస్కు మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు ఎండిపోయి ఉంది. రెండో అరలోదాని మీద పసుపు రాసిన గుర్తు. శోభ పక్కన నిలబడి, "మార్చి వెడ్దమా మేడం?" అంది.

"వద్దు. ఉన్నకాడ్నే ఉండని. ఇప్పటిసంది వాటిని అరతోని పిలువం, వాటి నంబర్లతోనే పిలుస్తం" అంది వసంత.

ముందు మూడు డిస్కుల నంబర్లూ అడిగింది. పెద్ద బొట్టుదే పాతదని యంత్రం కూడా ఒప్పుకుంది. ఉదయం తను నడిపిన రాత దాన్ని తాకకుండానే ఆగిపోయిందని నిర్ధారణ చేసుకుంది. అక్కడ ఇంకో గొయ్యి ఉంది. పాత డిస్కును ఎప్పటి చోటనే తగిలిస్తే, దసరా తర్వాత తీసిన బొమ్మలన్నీ దాని కింద మూతపడి కనబడకుండా పోతాయి. మరో తొందర పని చేస్తే ఈసారి అవి పోయాయని గోల మొదలవుతుంది. అందుకే వాటిని జాగ్రత్తగా పక్కకు తీసి, పాత డిస్కును వేరే చోట, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా తగిలించింది. తెర మీద బొమ్మల పేర్లు బిలబిలా వచ్చి నిండాయి.

కోరుట్లలో దేవేందర్లకు కరువు లేదు. శోభ వయసూ ఊరూ చూసి ఏరుకుంటూ వచ్చి ఒకదాని మీద ఆగింది. నొక్కింది. నల్లటి తెర మీద తెల్లగా ఒక ఎడమ భుజం, మెడ కింద రెండుగా విరిగి ఒకదాని మీదికొకటి ఎక్కిన ఎముక.

సుశీల లేచి వచ్చి తెర మీద ఆ విరిగిన చోట వేలు పెట్టింది.

"గిదే. పొద్దుగాల కల్లుకు చెట్టెక్కిండు, మోకు జారింది. అతికినంక గూడ గీ జబ్బ మీద బరువు ఆగలే. చెట్టెక్కరాకపాయె. గందుకే మస్కట్ పోయిండు. గీ ఎముక విరగకుంటే గాడికి పోవుడే లేకుండె" అంది. ఏడుపు రాలేదు. చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలా చెప్పింది.

వసంత ఆ బొమ్మను సామేలుకు పంపింది. సామేలు మెట్‌పల్లి మనిషి, మస్కట్‌లో డ్రైవరు. మనవాళ్ళకు ఏ కష్టం వచ్చినా ఆసుపత్రుల చుట్టూ తిరిగేది అతనే. చేరింది, డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఇక ఎదురుచూడడమే మిగిలింది. ఊరికే కూర్చోవడం వసంతకు చేతకాదు. తన రాతలో అర అన్న చోటల్లా తీసేసి మూడు ఊళ్ళ డిస్కులకూ వాటి నంబర్లు రాసింది. ఏమీ చెయ్యకుండా ఏం చేస్తావో మాత్రం చెప్పు అని ముందు ఒకసారి ఉత్తుత్తిగా నడిపించింది. పసుపు డిస్కు పేరే చెప్పింది. చెప్పినదాంతో సరిపెట్టుకోకుండా ఈసారి తెరిచి చూసింది కూడా. నిజంగా ఖాళీయే. అప్పుడు అసలుగా నడిపితే, అడ్డం మాట్లాడకుండా పని ముగించుకుని వచ్చింది.

"ఇగ వచ్చే దసరాకు సర్వర్‌కు పూజ చెయ్యొద్దంటరు, అంతేనా?" అంది శోభ, చిన్నబుచ్చుకుని.

"ఎవరన్నరు? చెయ్యి. కాని తలుపు మూసి, మీదికెల్లే చెయ్యి. గా పెద్ద బొట్టు మాత్రం చెరపకు" అంది వసంత. ఈ రోజు తన పరువునూ ఒక మనిషి ఆశనూ కాపాడింది ఆ బొట్టేనని ఆమెకు బాగా తెలుసు. ఈ గొడవ మొత్తానికి మొదలు కూడా అదే బొట్టు కనుక మెచ్చుకోవాలో తిట్టాలో తేల్చుకోలేక ఊరుకుంది.

ఎండ వాలుతుండగా సుశీల ఫోన్ మోగింది. ఆమె ఎత్తలేక వసంతకు ఇచ్చింది. వసంత అందరికీ వినబడేటట్టు పెట్టింది.

"సుశీలక్కా, రెండు ఫొటోలు పక్కపక్కన వెట్టి చూసిన్రు. ఇద్దరు డాక్టర్లు చూసిన్రు. ఎముక విరిగిన కాడ, ఎక్కిన తీరు, అంత ఒక్కటే అన్నరు. మన దేవేందర్ అక్కా. బతికున్నది దేవేందరే. ఆపరేషన్‌కు నువ్వు ఊ అనాలె" అన్నాడు సామేలు.

"ఊ" అంది సుశీల. ఆ ఒక్క ముక్క అన్నాక నేల మీదికి జారి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, ఇన్నాళ్ళ ఏడుపూ ఏడ్చింది. శోభ వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. వసంతకు గెలిచినట్టే ఉంది. గుండె నిండా సంతోషమే. కాని దాని వెనకే, సిరిసిల్లలో గడప దగ్గర ఆగిన ముసలమ్మ కళ్ళ ముందుకు వచ్చింది. ఈ బొమ్మ దొరకనంతసేపూ ఆమె కొడుకు కూడా బతికే ఉన్నాడు.

"అక్కా, బాలవ్వకు నేను చెప్పాల్నా?" అన్నాడు ఫోన్‌లో సామేలు ఇబ్బందిగా.

సుశీల తల ఎత్తింది. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"వద్దు అన్నా. నేను చెప్త."

తనే నంబరు కలిపింది. అటు ఒక్క రింగుకే ఎత్తారు. చేతిలో పట్టుకునే కూర్చుని ఉంటుంది.

"అవ్వా, నేను సుశీలను." బతికింది ఎవరని బాలవ్వే అడిగినట్టుంది.

"ఆ అవ్వా. మా ఆయననే" అంది సుశీల.

అటు ఏమంటున్నదో వినబడలేదు. సుశీల ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదుముకుని వింటూ కూర్చుంది. పెట్టేయలేదు, ఊరుకోమని కూడా అనలేదు. అటువైపు అలిసి ఆగినప్పుడు నెమ్మదిగా చెప్పింది.

"అవ్వా, ఒక్క మాట ఇను. ఆయనకు నోరచ్చినంక ఫోన్ ముందుగాల నీకే చేపిస్త. నాకంటె ముంగట, పిల్ల కంటె ముంగట. గణేశ్ తమ్మునితోని కడదాక ఉన్నది ఆయననే గద. ఆ రాత్రి ఏం తిన్నరు, ఏం ముచ్చట పెట్టుకున్నరు, నీ పేరు తీసిండా, గవన్ని ఆయనకే ఎరుక. నీకు చెప్పినంకనే నాతోని మాట్లాడుతడు."

వసంత తెర వైపు తిరిగి, ఒక చోట పోయినా మరో చోట ఉండేటట్టు ఆ భుజం బొమ్మకు ఇంకో రెండు నకళ్ళు తీసి, ఒకటి జగిత్యాలకు, ఒకటి సిరిసిల్లకు పంపింది.